యుద్ధం తర్వాత, ముందు కోడిపందెం

ప్రశ్న: అన్నా, నాకు 22 ఏళ్లు. నరసరావుపేట దగ్గర పల్లె మాది. బీకాం అయ్యాక ఎరువుల కొట్లో లెక్కలు రాస్తున్నాను. పల్నాటి యుద్ధం మీద పెద్ద త్రీడీ ఓపెన్ వరల్డ్ గేమ్ (ఆడేవాడు తనకిష్టమైన చోటికి తిరగగలిగేది) చేయాలని నా కోరిక. కథంతా ఒక నోట్‌బుక్ నిండా రాసిపెట్టుకున్నాను. కోడింగ్ రాదు, లెక్కలంటే భయం, బొమ్మలు వేయలేను. ఉన్నది 8 జీబీ ర్యామ్ పాత ల్యాప్‌టాప్. రాత్రిపూట 2 గంటలు ఖాళీ దొరుకుతుంది. గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్, అదే ఇంజిన్, ఏది తీసుకుని మొదలుపెట్టాలి? ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు లక్షన్నర కడితే 6 నెలల్లో నేర్పిస్తామంటున్నారు, చేరమంటారా? నాన్నేమో "ఆటలు అన్నం పెడతాయా" అంటున్నారు. ఆయనకి ఏం చెప్పను? — ఎస్., పల్నాడు జిల్లా

జవాబు:

తమ్ముడూ, నోట్‌బుక్ భద్రంగా దాచిపెట్టు. ఎగతాళికి అనడం లేదు. ఎవరూ అడక్కుండానే ఒక కథను పుస్తకం నిండా రాశావంటే నీకు ఓపిక ఉందన్నమాట, ఈ పనికి మొదట కావలసింది అదే. కానీ ఆ పుస్తకాన్ని ఈ ఏడాదికి పెట్టెలో పెట్టి తాళం వెయ్యి. నువ్వు చెప్పే సైజు ఆటల చివర్లో పేర్లు పడేటప్పుడు వెళ్లి టీ పెట్టుకుని, తాగి, గ్లాసు కడిగి వచ్చినా ఇంకా పడుతూనే ఉంటాయి. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 లాంటి దానికి వేలమంది ఏళ్ల తరబడి పనిచేశారు, మన బెంగళూరు స్టూడియో వాళ్లు కూడా అందులో ఉన్నారు. ఒక్కడే కూర్చుని చేసినవాళ్లు లేరా అంటావు. ఉన్నారు. 2016లో వచ్చిన స్టార్‌డ్యూ వ్యాలీకి కోడ్, బొమ్మలు, సంగీతం అన్నీ ఎరిక్ బరోన్ ఒక్కడివే. అయితే అది త్రీడీ కాదు, చుక్కల (పిక్సెల్) బొమ్మలతో చేసిన టూడీ ఆట. పైగా అతను కంప్యూటర్ సైన్స్ చదివినవాడు. అయినా నాలుగున్నరేళ్లు పట్టింది.

నా సంగతి కూడా చెబుతాను, నవ్వుకో. నా మొదటి ఆట గోదావరి మీద లాంచీ నడపడం. ఎనిమిది నెలలు కూర్చున్నాను. నీళ్ల మీద ఎండ మెరవడానికే రెండు నెలలు పట్టింది. మొదటి స్క్రీన్ మీద అక్షరాలు తళతళలాడేవి, సెట్టింగ్స్‌లో సౌండ్ తగ్గించుకునే ఏర్పాటు కూడా పెట్టాను. లాంచీ మాత్రం ఒక్కసారైనా అవతలి ఒడ్డు చేరలేదు, ఎందుకంటే చేరితే ఏమవుతుందో నేను ఆలోచించనే లేదు. ఆడేవాడు గెలిచేదీ లేదు, ఓడేదీ లేదు. అది ఆట కాదు, కదిలే క్యాలెండర్ బొమ్మ.

అందుకే నీకు నేను చెప్పేది: నీ పెద్ద కలని చిన్నది చేసుకోవద్దు, దాంట్లోంచి ఒక్క స్క్రీన్‌లో పట్టే ముక్క కోసుకో. పల్నాటివాడివి, ఆ ముక్క ఏదో నీకు నేను చెప్పాలా? యుద్ధం కారెంపూడిలో జరిగింది గానీ దానికి బీజం పడింది కోడిపందెంలో. బ్రహ్మనాయుడి కోడి, నాగమ్మ కోడి, ఓడినవాళ్లకి ఏడేళ్ల ప్రవాసం. ఒక బరి, రెండు కోళ్లు, ఒక పందెం. ఆట అంటే ఇంతకంటే ఏం కావాలి? దాని దగ్గరికి వస్తాను. అంతకంటే ముందు రెండు మెట్లు ఉన్నాయి.

మొదటి మెట్టు పాంగ్ అనే పాత వీడియో గేమ్. 1972లో అటారీ కంపెనీలో ఆల్ ఆల్కార్న్ అనే కుర్ర ఇంజినీరు చేరాడు. అంతకు ముందు వీడియో గేమ్ చేసిన అనుభవం లేదు. చెయ్యి తిరగడానికని యజమాని నోలన్ బుష్నెల్ అతనికి ఒక పని ఇచ్చాడు: రెండు బ్యాట్లు, ఒక బంతి, స్కోరు. శ్రద్ధగా చేస్తాడని జనరల్ ఎలక్ట్రిక్ వాళ్లతో కాంట్రాక్టు ఉందని అబద్ధం కూడా చెప్పాడట. ఆల్కార్న్ చెప్పింది చెప్పినట్టు చేసి ఊరుకోలేదు. బ్యాట్‌ని ఎనిమిది భాగాలుగా చూసి, బంతి మధ్యలో తగిలితే తిన్నగా, అంచుకి తగిలేకొద్దీ వంకరగా వెళ్లేట్టు పెట్టాడు. బంతి ఎంతసేపు బయటికి పోకుండా ఆడితే అంత వేగం పెరిగేట్టు పెట్టాడు. ఈ రెండు రూల్స్ తీసేస్తే పాంగ్ రెండు నిమిషాల్లో విసుగు పుట్టే వ్యవహారం. వాటితోనే అది ఆటయింది. తర్వాత దాన్ని సన్నీవేల్‌లో ఒక బార్‌లో పెడితే కొన్నాళ్లకి మెషీన్ ఆగిపోయింది. వెళ్లి విప్పి చూస్తే నాణేలతో డబ్బా నిండిపోయి ఉంది.

కొత్త ఉద్యోగికి అభ్యాసంగా ఇచ్చిన పని అది, కాబట్టి నీకు చిన్నతనం కాదు. నువ్వు కూడా చెయ్యి, బ్యాట్ అంచు రూల్‌తో సహా. ఎవరైనా పది పాయింట్లు కొడితే ఆట ఆగాలి, "మళ్లీ ఆడదాం" బటన్ నొక్కితే మొదటి నుంచి మొదలవ్వాలి. ఆ బటన్ సరిగ్గా పనిచేసేదాకా ఆట పూర్తయినట్టు కాదు. చాలామంది అక్కడే చేతులెత్తేస్తారు, స్కోరు సున్నా అవుతుంది గానీ బంతి పాత వేగంతోనే దూసుకొస్తుంటుంది.

లెక్కలంటే భయమన్నావు. ఎరువుల కొట్టు లెక్కలు రాసేవాడివి, నీకు ఇది చెప్పడం తేలిక. ఆట లోపల ఒక చిట్టా ఉంటుంది. మామూలుగా సెకనుకి 60 సార్లు ఆ చిట్టా తెరుస్తారు. ఏ బటన్ నొక్కారో చూస్తారు, బంతి నిల్వ ఎక్కడుందో దానికి కదలిక కలిపి కొత్త నిల్వ వేస్తారు, ఏది దేనికి తగిలిందో సరిచూస్తారు, బొమ్మ గీసి మూసేస్తారు. ఒక్కో పద్దుకి దొరికే టైము 16 మిల్లీసెకన్ల చిల్లర. ఇందులో కొత్తవాళ్లు చేసే పొరపాటు ఏమిటంటే, చిట్టా తెరిచిన ప్రతిసారీ బంతిని 5 చుక్కలు జరపమని రాస్తారు. అప్పుడు సెకనుకి 144 సార్లు గీసే స్క్రీన్ మీద బంతి పరుగెడుతుంది, నీ పాత ల్యాప్‌టాప్‌లో నత్తలా పాకుతుంది. వడ్డీ ఎలా వేస్తావు నువ్వు? పుస్తకం ఎన్నిసార్లు తెరిచావో చూసి కాదుగా, ఎన్ని రోజులు గడిచాయో చూసి. ఇక్కడా అంతే. కిందటిసారికీ ఇప్పటికీ ఎంత సమయం గడిచిందో ఇంజినే చెబుతుంది, దాన్ని డెల్టా అంటారు. వేగాన్ని దాంతో గుణించు. సగం భయం ఇక్కడే పోతుంది.

మిగతా సగానికి పదో తరగతిలో చదివిన పైథాగరస్ చాలు. కుడి బాణం, పై బాణం కలిపి నొక్కితే నీ మనిషి 1.41 రెట్లు వేగంగా మూలకి పరుగెడతాడు, ఎందుకో కాగితం మీద గీసుకుంటే నీకే తెలుస్తుంది. ఇంకో మెలిక: మనం బడిలో గీసిన గ్రాఫ్‌లో వై పెరిగితే పైకి వెళ్తాం, ఈ ఇంజిన్ల టూడీ స్క్రీన్‌లో చాలాచోట్ల కిందికి దిగుతాం. మొదటి వారం అందరూ ఎగరబోయి నేలలోకి దూరిపోతారు. కంగారుపడకు.

ఇంజిన్ సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాను, దీని మీద కొట్టుకుంటూ నెలలు గడిపేవాళ్లని చూసి విసిగిపోయాను. నువ్వు గోడో తీసుకో. అర్జెంటీనాలో ఇద్దరు మొదలుపెట్టింది, 2014 నుంచి ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ ఎవరైనా చూసి వాడుకోవచ్చు, పైసా కట్టక్కర్లేదు. జిప్ విప్పి డబుల్ క్లిక్ చేస్తే చాలు, ఇన్‌స్టాల్ గొడవ లేదు. కొత్త ప్రాజెక్ట్ తెరిచేటప్పుడు రెండరర్ (బొమ్మని తెర మీద గీసే భాగం) ఏది కావాలని అడుగుతుంది, నీ ల్యాప్‌టాప్‌కి కంపాటిబిలిటీ అన్నది ఎంచుకో. దాని భాష జీడీస్క్రిప్ట్, చూడ్డానికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలా ఉంటుంది. యూనిటీ అనే ఇంకో ఇంజిన్ మంచిదే, మన దగ్గర మొబైల్ గేమ్ కంపెనీల ఉద్యోగ ప్రకటనల్లో ఎక్కువగా కనిపించే పేరు అదే. 2023 సెప్టెంబర్‌లో ఆట ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ అయితే ఆ లెక్కన దాన్ని చేసినవాళ్లకి రుసుము వేస్తామని ప్రకటించి అందరినీ హడలగొట్టారు, ఏడాది తర్వాత వెనక్కి తీసుకున్నారు. ఉద్యోగమే నీ గురి అయితే రెండో ఏడాది దానికి మారొచ్చు. అన్‌రియల్ అనే పెద్ద ఇంజిన్ మాత్రం ఆ 8 జీబీ మీద పెట్టకు, ఫ్యాన్ మోత పక్కింటికి వినిపిస్తుంది.

రెండో మెట్టు గెంతు. ఒక చతురస్రం, కింద నేల, ఒక గుంట. అంతే. బొమ్మలు వేయడం రాదన్నావుగా, చతురస్రానికి బొమ్మ అక్కర్లేదు. కానీ ఈ గెంతు మీద రెండు వారాలు కూర్చో, ఇందులో ఉన్నంత చదువు ఇంకెక్కడా లేదు.

మొదట నిజమైన భౌతికశాస్త్రం ప్రకారం గెంతు రాస్తావు. ఆడి చూస్తే బెలూన్‌లా తేలుతుంది, చిరాకేస్తుంది. దిగేటప్పుడు గురుత్వాకర్షణని ఎక్కేటప్పటికంటే దాదాపు రెట్టింపు చేసి చూడు. ఒక్కసారిగా బరువు వస్తుంది. బటన్ తట్టి వదిలేస్తే పొట్టి గెంతు, నొక్కి పట్టుకుంటే ఎత్తు గెంతు రావాలి. ఆ తర్వాత ఒక దయ చూపించాలి. ఆడేవాడు గట్టు అంచు దాకా వెళ్లి నొక్కుతాడు, నిజానికి అప్పటికే కాలు గట్టు దాటిపోయి ఉంటుంది. కంప్యూటర్ "నువ్వు నేల మీద లేవు" అంటుంది. ఆడేవాడు "నొక్కాను కదరా" అంటాడు. ఎవరు చెప్పింది నిజం? ఆటలో ఎప్పుడూ ఆడేవాడి మాటే నిజం. అందుకే అంచు దాటాక కూడా ఒక పదో వంతు సెకను గెంతనిస్తారు. దీన్ని కయోటీ టైమ్ అంటారు. కార్టూన్‌లో కొండ అంచు దాటి గాల్లో పరుగెత్తి, కిందికి చూశాకే పడిపోయే నక్క లాంటి జంతువు ఉంటుందే, దాని పేరే ఇది. అలాగే నేల తాకడానికి క్షణం ముందే నొక్కేస్తే ఆ నొక్కుని గుర్తుపెట్టుకుని, తాకగానే గెంతించాలి. ఈ సాయం చేసినట్టు ఆడేవాడికి తెలియకూడదు. "ఈ గేమ్ భలే స్మూత్‌గా ఉందిరా" అంటాడు, అంతే. నేల తాకినప్పుడు చిన్న శబ్దం పెట్టు. ఎస్‌ఎఫ్‌ఎక్స్‌ఆర్ అని ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రాం ఉంది, బటన్లు నొక్కుకుంటూ పోతే ఇలాంటి శబ్దాలు అదే పుట్టిస్తుంది. బొమ్మలు కావాలనిపించినప్పుడు కెన్నీ సైట్‌లో వేలకొద్దీ ఉన్నాయి, హక్కులు వదిలేసి ఇచ్చినవి, అమ్ముకునే ఆటలో కూడా వాడుకోవచ్చు. గూగుల్‌లో కనబడిన బొమ్మ, సినిమా పాట మాత్రం ముట్టుకోకు.

ఇక కోడిపందెం. ఒకే కీబోర్డు మీద ఇద్దరు. ఒక్కొక్కరికి రెండే బటన్లు, ఒకటి ఎగరడానికి, ఒకటి దూకి కొట్టడానికి. పైనుంచి కొట్టినవాడిది దెబ్బ, ఎదురెదురుగా తగిలితే ఇద్దరూ వెనక్కి పడతారు. మూడు దెబ్బలతో పందెం ముగుస్తుంది, ఓడినవాడి వైపు "ఏడేళ్లు ఊరు వదలాలి" అని పడుతుంది. ఇద్దరు మనుషులే ఆడుతున్నారు కాబట్టి ఎదుటి కోడికి బుర్ర రాయాల్సిన పని కూడా తప్పింది. నిజం కోళ్లకి కత్తులు కట్టడం చట్టప్రకారం నేరం గానీ, నీ ఆటలో ఎవరికీ దెబ్బ తగలదులే.

తెలుగులో రాయబోతే ఒక ఇబ్బంది వస్తుంది, దీని గురించి ఇంగ్లిష్ వీడియోల్లో ఎవరూ చెప్పరు. స్క్రీన్ మీద "బ్రహ్మనాయుడు" అని వేసి చూడు. అన్నింటికంటే మంచి పరీక్ష ఆ పేరే. క్రావడి ఉంది, హకారానికి మ ఒత్తు ఉంది. అక్షరాలు పేర్చడం సరిగ్గా తెలియని ఇంజిన్‌లో ఒత్తులు ఊడి పక్కన పడతాయి. గోడో 3లో ఇదే జరిగేది, 4 నుంచి సరిగ్గా వస్తుంది. యూనిటీలో ఎక్కువమంది వాడే టెక్స్ట్‌మెష్ ప్రో ఇప్పటికీ మన ఒత్తుల్ని దానంతట అది కలపలేదు. ఫాంట్‌ని ఆటతోపాటే జతచెయ్యి, లేకపోతే బ్రౌజర్‌లో ఆడినప్పుడు అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తాయి. రామభద్ర, మండలి, ధూర్జటి లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ఇంకొకటి, మాటల్ని ఒక్కో అక్షరం చొప్పున టైపు చేసినట్టు చూపించే సరదా ఉంటుంది కదా, అది తొందరపడి రాయకు. మన కంటికి "క్ష" ఒక్క అక్షరం, కంప్యూటర్‌కి మూడు. మధ్యలో కోస్తే వికారంగా ఉంటుంది.

వీడియోలు చూడు, కానీ చూస్తూ టైపు చెయ్యకు. చూశాక మూసేసి, గుర్తున్నంతవరకు సొంతంగా రాసి, ఒక్క విషయం మార్చు. బంతి రెండుగా విడిపోవాలి, గాలి ఎడమకి వీయాలి, ఏదో ఒకటి. ఆ మార్పు దగ్గర ఇరుక్కుపోయి జుట్టు పీక్కుంటావే, చదువు అక్కడ జరుగుతుంది. ఏఐని అడిగితే పాంగ్ కోడ్ అర నిమిషంలో ఇస్తుందనీ నాకు తెలుసు. ఎర్రర్ వచ్చినప్పుడు దాని అర్థమేమిటో అడుగు. మొదటి మూడు ఆటల కోడ్ మాత్రం దాంతో రాయించకు, రేపు అది తప్పు రాసిన రోజు ఎక్కడ తప్పిందో నీకు కనిపించదు.

లక్షన్నర కట్టమంటావా అంటే, ఇప్పుడు వద్దు. అన్ని కోర్సులూ దండగని కాదు. నేనూ ఒకప్పుడు ఒకదాంట్లో చేరాను, మూడు నెలలు సాఫ్ట్‌వేర్ మెనూల పేర్లే చెప్పారు, పూర్తి చేసిన ఆట ఒక్కటీ లేకుండా సర్టిఫికెట్‌తో బయటికొచ్చాను. కోడిపందెం అయ్యాక, నీకు కోడ్ ఇష్టమో, త్రీడీ బొమ్మలు ఇష్టమో, ఆట రూల్స్ అల్లడం ఇష్టమో తెలుస్తుంది. అప్పుడు కావాలంటే వాళ్ల దగ్గరికి వెళ్లి ఒక్క మాట అడుగు: మీ విద్యార్థులు చేసిన ఆటలు చూపించండి, నేను ఆడి చూస్తాను. వీడియో చూపిస్తే లేచి వచ్చెయ్. ఈలోగా జనవరిలో గ్లోబల్ గేమ్ జామ్ వస్తుంది, రెండు రోజుల్లో ముక్కూమొహం తెలియనివాళ్లతో కలిసి ఆట చేయడం. బొమ్మలు వేసేవాళ్లు నీకు దొరికేది అక్కడే.

డబ్బు సంగతి దాచకుండా చెబుతాను. నాన్న అడిగిన దాంట్లో తప్పులేదు. ఈ రెండు మూడేళ్లు నీకు అన్నం పెట్టేది ఎరువుల కొట్టే, ఆ పని వదలొద్దు. పుణెలో నాడింగ్ హెడ్స్ గేమ్స్ వాళ్లు రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్ అని మన పురాణాల మీద త్రీడీ ఆట 2020లో తెచ్చారు. చాలా దేశాలవాళ్లు ఆడారు. అదే ఆటకి అంతకు ముందు కిక్‌స్టార్టర్ అనే సైట్‌లో చందా అడిగితే లక్ష్యం చేరలేదు. అది ఒక బృందం, అనుభవం ఉన్నవాళ్లు. ఉద్యోగాలంటావా, హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, పుణె ముంబైల్లో యుబీసాఫ్ట్, బెంగళూరులో రాక్‌స్టార్ లాంటి పెద్ద పేర్లున్నాయి, చిన్న స్టూడియోలూ ఉన్నాయి. బీకాం చదివి ఇందులోకి రావడం సాధ్యమే, కానీ చూపించడానికి ఆడదగిన ఆటలు ఉండాలి.

సొంతంగా అమ్మాలనుకుంటే ఖర్చులు ఇవి. గూగుల్ ప్లేలో 25 డాలర్లు, జీవితంలో ఒక్కసారి. కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచినవాళ్లు ముందు 12 మందితో 14 రోజులపాటు పరీక్ష చేయించి చూపాలి. బంధువుల వాట్సాప్ గ్రూపు అప్పుడు పనికొస్తుంది. కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్‌లో ఒక్కో ఆటకి 100 డాలర్లు, అమ్మకం 1,000 డాలర్లు దాటితే అది తిరిగొస్తుంది. చిన్న ఆటలు పెట్టుకునే ఇచ్.ఐఓ సైట్‌లో పెట్టడానికి రూపాయి కూడా అక్కర్లేదు, బ్రౌజర్‌లోనే ఆడొచ్చు. మొదటి మూడూ అక్కడే పెట్టు.

నీ రోజుకి 2 గంటల లెక్కన పాంగ్‌కి మూడు వారాలు, గెంతుకి రెండు వారాలు, కోళ్లకి రెండు నెలలు వేసుకో. పెళ్లిళ్లు, జ్వరాలు, కరెంటు కోతలు కలిపితే సంక్రాంతికో ఉగాదికో తేలుతుంది. ఫైళ్లు వారానికోసారి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకో, లెక్కలు రాసేవాడికి ఈ మాట రెండోసారి చెప్పక్కర్లేదు.

నాన్నకి ఏం చెప్పాలని అడిగావు. ఏమీ చెప్పకు. కోడిపందెం ఆడేంతవరకు వచ్చాక ఒక ఆదివారం ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకో, ఎడమవైపు కోడి ఆయనది. ఏ బటన్ ఎందుకో కూడా చెప్పకు, నోరు మూసుకుని చూడు. ఎక్కడ తడబడ్డారు, ఎక్కడ విసుక్కున్నారు, ఓడిపోయాక మళ్లీ ఆడదాం బటన్ ఆయనంతట ఆయన నొక్కారా లేదా. అవన్నీ ఒక కాగితం మీద రాసి నాకు పంపు. నీ తర్వాతి ఉత్తరం అదే కావాలి.